ఏడాది ఆగమని రాశాను

సంగీతం నా దగ్గరికి ముప్పై ఏళ్లు దాటాక వచ్చింది. అప్పటికి నేను కంబదూరు హైస్కూల్లో లెక్కల టీచర్ని. కల్యాణదుర్గంలో అద్దెకుంటూ రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా వీధిలోకి బ్యాంకు బదిలీ మీద ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటావిడ పిల్లలకు పాటలు చెబుతుంటే కిటికీ పక్కన నిలబడి వినీ వినీ, ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను, పెద్దవాళ్లకు కూడా చెబుతారా అని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "రోజూ సాధన చేస్తానంటే చెబుతాను" అంది.

మూడేళ్లు చెప్పింది. సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా తీసుకొచ్చింది. ఆమె మెచ్చుకోవడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. స్వరం వెంట్రుకవాసి తగ్గితే చాలు, వేలెత్తి ఆపేసేది. వేలు లేవలేదంటే బాగా పాడినట్టు లెక్క. పాటతో పాటు ఆ వేలెత్తడం కూడా నాకు వచ్చేసింది. తర్వాత వాళ్లకు మళ్లీ బదిలీ అయింది. నాకు పాట మిగిలింది, వినే మనిషి లేకుండా పోయింది.

ఊరికి పోయినప్పుడు మా నాయన ముందు పాడి చూశాను. వేరుశనగ తప్ప వేరే ధ్యాస లేని మనిషి. అరుగు మీద కూర్చుని, తలెత్తి మబ్బుల వైపు చూస్తూ విన్నాడు. అయ్యాక, "బాగుండాదమ్మా, పడేలాగే ఉండాది" అన్నాడు. మొదటి మాట నాకో, వానకో ఈ రోజుకీ తెలియదు.

అలాంటి సమయంలో ఇంటర్నెట్లో ఒక సంగీత సమూహం ఉందని తెలిసింది. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. నాలాగా గురువుకు దూరమైనవాళ్లు, అసలు గురువే దొరకనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో తమ పాటలు రికార్డు చేసి అక్కడ పెట్టేవాళ్లు. మైసూరులో వీణ టీచరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ దాన్ని నడిపేది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. మీరొక పాట పెడితే, ఇంకో ఇద్దరి పాటలు విని అభిప్రాయం రాయాలి. రాతలన్నీ ఇంగ్లీషులోనే. ఎవరి అసలు పేర్లూ తెలియవు.

ప్రతి ఆదివారం పొద్దున్నే కల్యాణదుర్గం బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ సెంటరుకు పోయేదాన్ని. నా మొదటి పాట పెట్టి వారమంతా ఎదురుచూశాను. ఆదివారం తెరిచి చూస్తే ఏడు అభిప్రాయాలున్నాయి. ఏడింటిలోనూ "చాలా బాగుంది" అనే ఉంది. ఒకాయన పువ్వు బొమ్మ కూడా పెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అనుపల్లవిలో ఒకచోట శ్రుతి జారిందని నాకే తెలుసు. వీళ్లకు వినపడలేదా, వినలేదా?

నేను అలా రాయకూడదనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టే మొదలుపెట్టాను. నోటుబుక్కు పక్కన పెట్టుకుని, ఎన్నో నిమిషంలో ఏ స్వరం తప్పిందో వరుసగా రాసేదాన్ని. మొదట్లో కొందరు ఉలిక్కిపడ్డారు గానీ, ఎక్కువమంది థ్యాంక్స్ చెప్పారు. "ఇన్నాళ్లకు ఒకరు నిజంగా విన్నారు" అని ఒకరు రాశారు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. పాట పెట్టగానే నా అభిప్రాయం కోసం ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు. బడిలో లేని గౌరవం నాకు అక్కడ దొరికింది. రానురాను నేను పాడటం తగ్గించి దిద్దడం పెంచాను.

అప్పుడు ఒక కొత్త మనిషి వేణువు మీద మోహన రాగంలో చిన్న గీతం వాయించి పెట్టాడు. పిల్లలు నేర్చుకునే పాఠం. సెంటర్లో నాకిచ్చిన హెడ్‌ఫోన్లో ఒక చెవే పనిచేసేది, పైన ఫ్యాను కిరకిరలాడుతోంది. ఒక్కసారి విన్నాను. చివర్లో ఏదో గోల, దానితో పాటే తాళం పరుగు మొదలైతే, ఆఖరి స్వరం దాకా ఆగకుండా, ఇక చాలులే అని తీసేశాను. తర్వాత రాశాను. పై షడ్జం అందడం లేదు, ప్రతిసారీ కిందే ఆగిపోతోంది అన్నాను. ఊపిరి మాట మధ్యలో తెగుతోంది అన్నాను. చివరి రెండు ఆవర్తాల్లో తాళం పరుగెత్తింది, ఎవరో తరుముతున్నట్టుంది, వెనక గోల భరించలేం అన్నాను. అంతటితో ఆపినా బాగుండేది. ఇంకో వాక్యం చేర్చాను: "ఇంకో ఏడాది సాధన చేశాక పెట్టండి."

రాసి, బజార్లో కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోయాను.

రెండు వారాల తర్వాత చూస్తే ఆ వేణువు పాట లేదు. ఆయన అంతకుముందు పెట్టిన ఇంకో రెండు పాఠాలు కూడా లేవు. నాకు ఒక ఉత్తరం మాత్రం వచ్చి ఉంది, మైసూరు పెద్దావిడ దగ్గర నుంచి. నాలుగే వాక్యాలు. "మీ అభిప్రాయంలో తప్పేమీ లేదు. కానీ ఆ పాటలో మీకు నచ్చిందేమిటో రాయలేదు. ఏమీ నచ్చలేదా, వెతకలేదా? ఆయన తీసేసిన పాట నా దగ్గరుంది, పంపిస్తున్నాను, మళ్లీ వినండి."

కోపం వచ్చింది. నిజం రాస్తే ఈమెకేమిటి బాధ అనుకున్నాను. అయినా ఆ పాటను సీడీలోకి ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను. ఒక సెలవు రోజు పొద్దున, టీ తాగుతూ పెట్టాను. ఈసారి రెండు స్పీకర్లలో, ఫ్యాను లేకుండా.

వేణువు వెనక శ్రుతిపెట్టె మోగుతోంది. కాసేపటికి అది ఠక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందన్నమాట. శ్రుతి లేకపోయినా ఆయన ఆగలేదు, స్వరం ఎక్కడికీ జారలేదు కూడా. మొదటిసారి ఇది నాకు తెలియనేలేదు. తర్వాత నేను గోల అని కొట్టిపారేసిన చోటు వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు, వీధి చివరి నుంచి దగ్గరికి వస్తూ, స్పష్టంగా:

"నీల్లొచ్చినాయి! నీల్లొచ్చినాయి! యో, ఊదింది చాల్లే, బిందెలెత్తుకో రా!"

వేణువు ఆగలేదు. తొందరపడింది, నిజమే. మిగిలిన రెండు ఆవర్తాలూ పరుగున పూర్తి చేసి, ఆఖరి స్వరం మీద మాత్రం నిలబడవలసినంతసేపు నిలబడి, అప్పుడు ఆగింది. ఆ వెంటనే ఇత్తడి బిందె రాతికి తగిలిన చప్పుడు. రికార్డింగు అయిపోయింది.

టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మా వీధిలో కొళాయి వారానికోసారి వచ్చేది. వచ్చిందన్న కేక వినపడితే నేను దిద్దుతున్న పేపర్లు అలాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేదాన్ని. ఆ కేక విన్నాక రెండు ఆవర్తాలు పూర్తి చేయడం నా వల్ల అయ్యే పని కాదు. పైగా ఆ యాస మాదే, మా జిల్లాదే. ఎవరో తరుముతున్నట్టుంది అని రాశాను. తరిమింది నీళ్లు.

ఆ మధ్యాహ్నమే సెంటరుకు పోయి ఆయనకు ఉత్తరం రాశాను, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో. మీది అనంతపురం జిల్లానా, నాది కూడా ఇక్కడే, మీతో మాట్లాడాలి అని. మూడు వారాలు జవాబు లేదు. నాలుగో ఆదివారం వచ్చింది. "గుమ్మఘట్ట. బస్సు దిగి కండక్టరు ఇల్లు అని అడిగితే చూపిస్తారు. రావచ్చు."

రాయదుర్గంలో బస్సు మారి గుమ్మఘట్టకు పోయాను. ఆ దారిలో బస్సులో సగం మాటలు కన్నడంలో, సగం తెలుగులో వినిపిస్తాయి. ఒకే మనిషి రెండూ కలిపేస్తాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. క్షమించండి అని మొదలుపెట్టాలా, ముందు పాట గురించి మాట్లాడాలా అని.

ఆ అవకాశమే రాలేదు. ఇంటి ముందు చెనక్కాయలు ఒలుస్తున్న పెద్దామె తలెత్తి, "ఎవురు గావాల?" అంది. ఆ కేక వేసిన గొంతు ఇదేనని వెంటనే తెలిసింది.

"కల్యాణదుర్గం నుంచి వస్తాండా పెద్దమ్మా. పిల్లనగ్రోవి గురించి..."

"ఓహో. ఆ కాయితం రాసింది నువ్వేనా?" చేతిలో చెనక్కాయలు చాటలో పడేసింది. "ఏం తల్లీ, అట్ల రాస్తివి? నువ్వు రాసినప్పట్నుంచి ఆ మనిషి గోడ తట్టు తిరిగి, సద్దు బయటికి రాకుండా ఊదుకుంటాండాడు. వినాల్నంటే పక్కన పోయి కూచోవాల. ముందు పొద్దు లేస్తే వీదంతా వినపడతాండె. పక్కింటామె కూడా అడిగె, మీ ఆయప్పకు బాగలేదా అని."

లోపలి నుంచి ఆయన వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా, లుంగీ పైకి మడిచి కట్టుకుని. "ఏమే, ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి తిడతావా? రామ్మా టీచరమ్మా, కూచో" అని మంచం మీద దుప్పటి సర్దాడు.

ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. "ముప్పై ఏండ్లు విజిలూదినా గదా, గాలికేం కొదవ లేదనుకొంటి. తీరా పిల్లనగ్రోవి పట్టుకుంటే అది మోగనే లేదు. నెలదినాలు ఉత్త గాలే" అని నవ్వాడు. సరిహద్దు అవతలి ఊరి నుంచి గురువారం గురువారం రాయదుర్గం వచ్చే ఒక కన్నడ పంతులు దగ్గర పాఠం. పంతులుకు టైము తక్కువ, శిష్యులెక్కువ. అందుకని ఆ సమూహంలో చేరాడట. ఫోనులో రికార్డు చేసుకుని రాయదుర్గం ఇంటర్నెట్ సెంటరుకు పోతే, అక్కడ పనిచేసే అమ్మాయి ఎక్కించి పెట్టేది.

"నాకు ఇంగ్లీషు అంత బాగా రాదమ్మా. నువ్వు రాసింది ఆ పాపే చదివి చెప్పింది."

"అందరి ముందరా?" అన్నాను.

"అందరంటే, ఆడ నలుగురైదుగురు ఉండిరి."

నా మాటలు ఒక దుకాణంలో నలుగురి ముందు పైకి చదివితే ఎలా ఉంటాయో అప్పుడు ఊహించుకున్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన లేచి గూట్లోంచి ఒక మడిచిన కాగితం తెచ్చాడు. నా అభిప్రాయాన్ని ప్రింటు తీయించుకున్నాడు. ఒక్కో వాక్యం కింద తెలుగులో అర్థం, పక్కన పెన్సిలు గుర్తులు.

"చూడు. పై షడ్జం అందలేదంటివి, నిజమే. పెదవి బిగించేది తప్పని మా పంతులు కూడా చెప్పె. ఇప్పుడు అందుతాది. ఊపిరి గురించి అంటివి. పాట మాటలు ముందు నోటితో పాడుకొని, యాడ పీల్చాల్నో గీతలు పెట్టుకుంటి. అదీ సరిపోయింది. తాళం ఇంగా కుదర్లేదు." కాగితం చివరికి వేలు జరిపాడు. "ఏడాది ఆగమంటివి గదా. అందుకని అన్నీ తీసేసినా. ఇప్పటికి మూడు నెలలాయె. ఇంగ తొమ్మిది ఉండాయి."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. టీచరు ఏడాది అంటే ఏడాది. అంతే. ఆయన అలిగి తీసేశాడనుకుని నేను ఇన్ని రోజులూ కుమిలిపోయాను. ఆయనేమో లెక్కపెట్టుకుంటున్నాడు. నాకు అప్పుడే ఎక్కువ బాధేసింది.

"పెద్దనాయనా, ఆ ఏడాది మాట నేను ఊరికే రాసినా. దానికి లెక్కా లేదు, పత్రమూ లేదు. నేను సరిగ్గా విననేలేదు" అన్నాను. కరెంటు పోయినా శ్రుతి జారకపోవడం గురించి, నీళ్లొచ్చాయని తెలిసీ ఆఖరి స్వరం మీద నిలబడటం గురించి చెప్పాను.

ఆయన భార్య వైపు తిరిగాడు. "వింటివా? నిలబడినా అంట."

"నిలబడినావు. ఆ పొద్దు మనకు రెండు బిందెలు తక్కువొచ్చె" అంది ఆమె. కానీ ఈసారి నవ్వింది. లేచిపోయి నాకు మజ్జిగ తెచ్చింది.

మజ్జిగ తాగుతుంటే ఆయన అడిగాడు. "నీ పాటలు కూడా నేను ఇన్నానమ్మా. ఒగ మాట చెప్పాల్నని ఉండె. ఇంగ్లీషులో రాసేకి రాక ఊరుకుంటి. చెప్పేదా?"

చెప్పమన్నాను. లోపల మాత్రం భయంగానే ఉంది.

"నువ్వు హాజరు పిలిచినట్లు పాడతావు. స అంటే స వస్తాది. రి అంటే రి వస్తాది. అందరూ ఎవురి జాగాలో వాల్లు నిలబడి ఉండారు, తప్పే లేదు. కాని ఎవురూ ఆడుకుంటాండ్లేదు. బడిలో ఇంటర్‌బెల్లు కొట్టినాక పిల్లోల్లు ఎట్లుంటారు? అట్ల ఒక్కసారన్నా ఇడిసిపెట్టరాదా?"

ఏడు "చాలా బాగుంది"ల కోసం కాదు, ఈ మాట కోసమే నేను ఆ రోజు అంతగా ఎదురుచూసింది. వేలెత్తే మా టీచరు కూడా ఈ మాట చెప్పలేదు. ఆమెకు తెలియక కాదేమో, నేను వినే స్థితిలో లేకపోయి ఉంటాను.

సాయంత్రం బస్సుకు ముందు ఆయన మళ్లీ అదే గీతం వాయించాడు. గోడ వైపు తిరగబోతే భార్య భుజం పట్టుకుని వీధి వైపు తిప్పింది. పై షడ్జం అందింది. నేను నోటుబుక్కు తీయలేదు. తాళం మళ్లీ పరుగెత్తితే మోకాలి మీద మెల్లగా దరువేశాను. ఆయన నా చేతి వైపు చూసి తగ్గాడు. పాట సాఫీగా దిగింది.

ఆ నెలలోనే ఆయన పాటలు మళ్లీ సమూహంలోకి వచ్చాయి. నేను అక్కడే అందరికీ కనపడేలా, తొందరపడి విన్నానని రాశాను. అది రాయడం కష్టంగానే ఉండింది. రాశాక ఎవరూ నన్ను తక్కువ చేయలేదు. మైసూరు పెద్దావిడ ఒక కొత్త పని అప్పజెప్పింది, కొత్తగా చేరేవాళ్ల మొదటి పాటలు మీరిద్దరూ కలిసి వినండి అని. ఆదివారం నేను ఆ పాటలు ఫోనులో ఆయనకు వినిపించేదాన్ని. ఆయన తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. "ఈ అమ్మి గొంతులో చలి ఉండాది, రొంత కాఫీ తాగి పాడమను" లాంటివి ఎలా రాయాలో తెలియక తలపట్టుకునేదాన్ని. అయినా రాసేదాన్ని. అవతలివాళ్లు నవ్వుకుంటూ, మళ్లీ పాడి పెట్టేవాళ్లు. చెప్పాల్సిన తప్పులు నేను చెబుతూనే ఉన్నాను, మానలేదు. ముందు రెండుసార్లు వినడం మాత్రం నేర్చుకున్నాను.

నా పాట కూడా మారింది. ఒక్కసారిగా కాదు. ఒక వర్ణం ఆర్నెల్లు పాడాను. ఒకరోజు బస్సులో కంబదూరు నుంచి వస్తూ, కిటికీ పక్కన సన్నగా పాడుకుంటుంటే, చిట్టస్వరాల్లో ఒకచోట నేను వేయని గమకం, స్వరం మీద ఒక చిన్న ఊపు, దానంతటదే వచ్చింది. ఉలిక్కిపడి మళ్లీ పాడితే రాలేదు. మూడో రోజుకు మళ్లీ వచ్చింది. ఆయనకు ఫోను చేసి వినిపించాను. "ఎవురు నేర్పినారు?" అన్నాడు. ఎవరూ నేర్పలేదన్నాను. "అయితే జాగర్తగా పెట్టుకో" అన్నాడు.

కొన్నేళ్లకు ఆ సమూహం మూతపడింది. నడిపే ఓపిక తగ్గిందని పెద్దావిడ అందరికీ చెప్పి, మా పాటలన్నీ మాకు తిరిగి పంపించి, మర్యాదగా మూసేసింది. ఆ తర్వాత ఒక వేసవి సెలవుల్లో గుమ్మఘట్టకు పోయాను. ఆయన వసారాలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన గొర్రెలు కాసే మనిషి, గొంగడి పక్కన పెట్టుకుని వేణువు పట్టుకున్నాడు. ఒకామె అంగన్‌వాడీలో పనిచేస్తుందట. ఇంకో పెద్దాయనకు తెలుగు అంతంతమాత్రం, కన్నడంలో అడుగుతున్నాడు.

"పాఠాలు చెప్తాండారా పెద్దనాయనా?" అన్నాను.

"పాటమేంది, నాకేమొచ్చని? వాల్లు వచ్చి వాయిస్తారు, నేను వింటా కూచుంటా."

గొర్రెలు కాసే ఆయన సరళి వాయించి, వేణువు దించి, చెమట తుడుచుకుని అడిగాడు. "ఎట్లుండాది అన్నా?"

పెద్దనాయన కాళ్లు ముడుచుకుని, కొంచెం ముందుకు వంగాడు. "మొదటి వరస బాగుండె" అన్నాడు. "రెండోది ఇంగోసారి ఊదు. ఈ తూరి టీచరమ్మ కూడా వింటాది."

నేను చెప్పులు విడిచి చాప మీద చోటు చేసుకుని కూర్చున్నాను.